అమ్మ నడక బాకీ

అమ్మ పోయాక నెల పూజ చెప్పించుకున్న సాయంత్రం ఆమె ట్రంకు పెట్టె తెరిచాం. రెండు మంచి చీరలు, మందుల చీటీలు, తెగిపోయిన జపమాలలు మూడు, అడుగున ఒక చేతిరుమాలు మూట. ముడి బాగా బిగుసుకుపోయింది. పైనుంచి తడిమితే లోపల నాలుగు బిళ్లలు తగిలాయి. పిన్ని చూడగానే గుర్తుపట్టింది. "ఇది గుణదల ముడుపే. నీకు జొరమొచ్చినప్పుడు కట్టింది. నడక బాకీ ఉందని ఇప్పలేదు" అంది.

నడక బాకీ అన్నది మా ఇంట్లో అందరికీ తెలిసిన మాటే. కిరాణా బాకీ, చీటీల బాకీ, నడక బాకీ.

1986లో నాకు ఆరేళ్లు. టైఫాయిడ్ వచ్చి మూడు వారాలు మంచం దిగలేదు. బిడ్డ లేచి నాలుగు మెతుకులు తింటే విజయవాడ గుణదల కొండమీది మరియమాతకి జుట్టు ఇప్పిస్తాను, ఊరి నుంచి నడిచి వస్తాను అని అమ్మ మొక్కుకుంది. నేను లేచాను, తిన్నాను. తర్వాతి ఫిబ్రవరిలో బస్సులో తీసుకెళ్లి నాకు గుండు చేయించింది. గుండు మీద ఎండ చురుక్కుమనడం, ఎవరో చేతిలో అరటిపండు పెట్టడం, ఆ రెండే నాకు గుర్తు. అలా సగం మొక్కు తీరింది. రెండో సగం ముప్పై ఎనిమిదేళ్లు అలాగే ఉండిపోయింది.

దానికి కారణం భక్తి తక్కువై కాదు, మిరపకాయలు. గుణదల తిరునాళ్లు ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో. మా ఊరు ఫిరంగిపురం దగ్గర. ఫిబ్రవరి అంటే మా వైపు మిరప కోతలు, కళ్లాల నిండా ఎర్రగా ఆరబోసిన కాయ. అమ్మ కళ్లంలో తాలుకాయలు ఏరేది, ఆ తర్వాత గుంటూరు కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీయడానికి పోయేది. ఏడాది మొత్తంలో చేతిలో డబ్బు ఆడేది ఆ మూడు నెలలే. నడిచి వెళ్లాలంటే రెండు రోజులు, అక్కడ ఒక రోజు, తిరిగి రావడానికి ఒక పూట. మూడున్నర రోజుల కూలి. "వచ్చే ఏడు పోదాంలే" అనేది. వచ్చే ఏడు అంటూ అంటూనే మోకాళ్లు అరిగిపోయాయి.

ఆ ముడుపు నా బ్యాగులో వేసుకుని హైదరాబాద్ తెచ్చుకున్నాను. ఫిబ్రవరిలో ఊరివాళ్లతో కలిసి నడుస్తానని చెప్పినప్పటి నుంచి ఇంట్లో వాదనలు మొదలయ్యాయి. నాకు వాదించడం ఇష్టమే. కానీ ఇక్కడ సమాధానాలు నోటికి వెంటనే రాలేదు. కొన్ని దారిలో దొరికాయి, కొన్ని ఇప్పటికీ దొరకలేదు.

మా చిన్నాన్న కొడుకు పాస్టరు. పదిహేనేళ్ల క్రితం మా గుడి వదిలేసి వేరే సంఘంలో చేరాడు. మంచివాడు, నేనంటే ప్రేమ. "అక్కా, దేవుడు అన్నిచోట్లా ఉన్నాడు గదా. గుణదల కొండమీదే కూర్చున్నాడా?" అన్నాడు. ఇదేదో తను కనిపెట్టిన ప్రశ్న అన్నట్టు అడిగాడు గానీ, ఇది పదహారు వందల ఏళ్ల నాటిది. నాలుగో శతాబ్దంలో నిస్సా పట్టణ మేత్రాణులు (బిషప్పు) పునీత గ్రెగోరీ, చోటు మార్చినంత మాత్రాన దేవుడు దగ్గరకి రాడని ఉత్తరం రాశారు. పునీత జెరోము కూడా నోలా పౌలీను అనే ఆయనకి రాసిన ఉత్తరంలో, మోక్షద్వారం యెరూషలేముకి ఎంత దగ్గరో బ్రిటన్‌కీ అంతే దగ్గర అన్నారు.

అయితే ఇక్కడో తమాషా ఉంది. గ్రెగోరీ ఆ మాట రాసేటప్పటికే యెరూషలేము వెళ్లొచ్చి ఉన్నారు. జెరోము అయితే 386 నుంచి బేత్లెహేములోనే మకాం, చనిపోయేదాకా అక్కడే. క్రీస్తు పుట్టిన ఊళ్లో కూర్చుని, నువ్వు ఇక్కడికి రానక్కర్లేదయ్యా అని ఉత్తరం రాశారన్నమాట. పైగా అంతకుముందు, ఆయన శిష్యురాలు పౌలా పేరున రోములో ఉన్న మర్సెల్లాకి వెళ్లిన ఉత్తరం, నువ్వూ బయల్దేరి రమ్మని బతిమాలుతుంది. దీన్నిబట్టి వాళ్లు అబద్ధమాడారని అనను. వెళ్లిన మనిషి "వెళ్లనక్కర్లేదు" అనడం వేరు, వెళ్లని మనిషి అనడం వేరు. మొదటిది అనుభవం. రెండోది చాలాసార్లు బద్ధకం. నా విషయంలో అయితే నూరుపాళ్లు బద్ధకమే. దేవుడు అన్నిచోట్లా ఉన్నాడన్న ధైర్యంతో నేను పదేళ్లుగా ఎక్కడా ఆయన్ని పలకరించలేదు.

మా ఆయనది ఇంకో రకం అభ్యంతరం. బ్యాంకులో లోన్లు చూస్తారు. "నువ్వు నా బిడ్డని బాగుచెయ్, నేను నీ కొండెక్కుతా అనడం బేరం కాదా? దేవుడికి లంచమా?" అన్నారు. చదువుకున్న కథోలికులు చాలామంది ఇదే అంటారు. మొక్కుబడులు, తలనీలాలు, కొబ్బరికాయలు చూసి మొహం చిట్లిస్తారు. నేనూ ఒకప్పుడు చిట్లించినదాన్నే.

ఇప్పుడు నాకు అలా అనిపించడం లేదు. లంచం ఇచ్చేవాడి దగ్గర అవతలివాడికి కావాల్సింది ఏదో ఉండాలి. మా అమ్మ నడిస్తే దేవుడికి ఏం ఒరుగుతుంది? ఆ సంగతి ఆమెకీ తెలుసు. ఆమె చేసింది లంచం కాదు, తాకట్టు. మా ఆయన బ్యాంకులో పొలం కాగితాలో, బంగారమో లేకుండా ఎవరికీ అప్పు పుట్టదు. అమ్మకి పొలం లేదు, మెడలో ఉన్నది నల్లపూసలే. తనది అని చెప్పుకోగలిగినవి రెండు కాళ్లు, వాటితో పాటు కూలికి అమ్ముకోకుండా మిగిలితే మూడు రోజులు. వాటినే పెట్టింది. బిడ్డ చచ్చిపోతుంటే ఊరికే కూర్చోలేని మనిషి, చేతిలో ఏమీ లేకపోయినా ఏదో ఒకటి ఇస్తానని నిలబడటం అది. అది బేరమైతే హన్నా కొడుకు కోసం మొక్కుకున్నదీ బేరమే, అప్పుడు ఆ కొడుకు సమూయేలు కథ బైబిల్లోంచి చింపేయాలి.

ఈ మాట పాస్టరు తమ్ముడితో అంటే వాడు ఠక్కున బైబిల్లో ప్రసంగి గ్రంథం తీశాడు. మొక్కుకుని చెల్లించకపోవడం కంటే అసలు మొక్కుకోకపోవడమే మేలన్న వాక్యం. వాడు గెలవడానికి చదివాడు, నాకు మాత్రం గుండెలో కలుక్కుమంది. ఈ వాక్యం గుడి ప్రసంగంలో వినిపించిన ఆదివారాలు అమ్మ అన్నం సరిగ్గా తినేది కాదు.

అందుకే మా విచారణ (పారిష్) గురువుల దగ్గరికి వెళ్లి అడిగాను. ఆయన తాపీగా విని, "చట్టం ప్రకారం నీకే బాకీ లేదమ్మా" అన్నారు. 1983 నాటి శ్రీసభ (కథోలిక చర్చి) ధర్మశాస్త్రంలో 1193వ సూత్రం ఉంది. మొక్కు దానంతట అది మొక్కుకున్న మనిషిని మాత్రమే కట్టిపడేస్తుంది, ఇంకెవరినీ కాదు. పొలం వారసత్వంగా రావచ్చు, మొక్కు రాదు. అంతేకాదు, అమ్మ బతికుండగా వచ్చి అడిగి ఉంటే, తగిన కారణం ఉంది కాబట్టి ఆ మొక్కు నుంచి ఆమెని తప్పించడానికో, ఇంకో చిన్న పుణ్యకార్యంగా మార్చడానికో దారి కూడా ఉందట. ముప్పై ఎనిమిదేళ్లు ఎవరూ ఆమెకి ఈ సంగతి చెప్పలేదు. ఆమె అడగలేదనుకోండి. తొడిమలు తీసే మనిషి గురువుల దగ్గరికి వెళ్లి ధర్మశాస్త్రం అడుగుతుందా? నాకు ఆ రోజు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం.

ఫాదర్ గారే లేచి వెళ్లబోతున్న నన్ను ఆపి ఇంకో మాట చెప్పారు. అదే పుస్తకంలో 994వ సూత్రం. యాత్రల వల్ల, ప్రార్థనల వల్ల శ్రీసభ అనుగ్రహించే పాపపరిహార ఫలాన్ని మనం మన కోసం పొందవచ్చు, లేదా చనిపోయినవారి కోసం అర్పించవచ్చు. బతికున్న ఇంకొకరి పేరున మాత్రం కుదరదు. వాళ్లకి వాళ్ల కాళ్లున్నాయి కదా. 2025 జూబిలీ సంవత్సరం కావడంతో ప్రసంగాల్లో ఈ విషయం వింటూనే ఉన్నాను గానీ, అమ్మకి కలిపి ఆలోచించలేదు.

బయటికి వచ్చి స్కూటీ మీద కూర్చున్నాక అర్థమైంది. అమ్మ బాకీ నాకు రాదు. కానీ నేను కట్టేది అమ్మకి చేరుతుంది. ఏ బ్యాంకులోనూ ఇలాంటి పద్దు లేదు. మా ఆయనకి చెబితే కాసేపు ఆలోచించి, "ఇది రాసినవాడెవడో మంచి మనిషి" అన్నారు.

ఫిబ్రవరి 8, శనివారం తెల్లవారుజామున నాలుగింటికి గుడి ముందు నుంచి బయల్దేరాం. చిన్నా పెద్దా అంతా ఇరవై ఏడు మందిమి. ముందు ఒక ఆటో, దాని మీద మైకు, పూలదండలతో మాత స్వరూపం. మొత్తం 60 కిలోమీటర్ల పైచిలుకు దారి. నేను హైదరాబాద్‌లో కొన్న ఖరీదైన బూట్లు వేసుకున్నాను. మిగతావాళ్లు హవాయి చెప్పులు, కొందరు ఉత్త కాళ్లు. సాయంత్రానికి అందరికంటే ముందు నా కాళ్లే బొబ్బలెక్కాయి.

యాత్రంటే మనశ్శాంతి అని ఎవరో అంటుంటారు. నాకు ఆ రెండు రోజుల్లో మనశ్శాంతి అనేది పావుగంట కూడా లేదు. మైకు గోల, లారీల హారన్లు, ఫోన్ ఛార్జర్ కోసం తగువు, ఆడవాళ్లకి బాత్రూమ్ ఎక్కడ దొరుకుతుందా అనే టెన్షన్. తెల్లవారుజామున మొదటి జపమాల చెప్పేటప్పుడు కళ్లనీళ్లు వచ్చాయి. పది గంటలకి, ఎండెక్కాక, నేను ప్రార్థన చేయడం లేదు, కిలోమీటరు రాళ్లు లెక్కపెడుతున్నాను. ఒక జపమాలకి 53 మంగళవార్త జపాలు. మధ్యాహ్నానికి ఎన్ని జపమాలలు అయ్యాయో తెలీదు. "దేవవర ప్రసాదము చేత నిండిన మరియమ్మా వందనము" అని నోరు అంటోంది, బుర్రలో మాత్రం ఎడమ మడమ ఒక్కటే ఉంది.

నా పక్కన ఒక ముసలామె నడుస్తోంది, డెబ్బై దాటి ఉంటాయి. ఇది తన పందొమ్మిదో యాత్రట. మనసు నిలవడం లేదమ్మా, ఉత్తినే నోటితో అంటున్నా అని చెప్పాను. ఆమె నవ్వి, "రాకపోతే రాకపోయిందిలే, నోటిని పంపించు. గేదె ముందు పోతే దూడ ఎనకాలే వస్తది" అంది. ఏకాగ్రత గురించి నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా ఇంత ఊరట లేదు. మనసు శుద్ధిగా ఉంటేనే ప్రార్థన అనుకుని, అది ఎప్పుడూ శుద్ధిగా లేక, ప్రార్థనే మానేసిన మనిషిని నేను. ఆ మాట వినడానికి పదేళ్లు పట్టింది.

గుంటూరు దగ్గరపడేసరికి గాలిలో మిరప ఘాటు. టిక్కీలతో, అంటే కాయ బస్తాలతో, లారీలు వరసగా పోతున్నాయి. అందరం తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ జపమాల చెప్పాం. ఒక కోల్డ్ స్టోరేజీ షెడ్డు ముందు ఆడవాళ్లు గోనెపట్టా మీద కూర్చుని తొడిమలు తీస్తున్నారు. మా మైకు విని ఇద్దరు లేచి వచ్చారు. ఒకామె స్వరూపాన్ని తాకబోయి ఆగి, చేతులు చీరకి తుడుచుకుని, మళ్లీ ఆగి, మోచేత్తో ఆటోని తాకి దణ్ణం పెట్టింది. కారం చేతులు. అమ్మ కూడా నన్ను ఎత్తుకునే ముందు మోచేతులే వాడేది. నేను రోడ్డు మీదే కూర్చుండిపోయాను. అలిసిపోయాననుకుని ఎవరో నీళ్లు ఇచ్చారు.

నిజానికి ఈ యాత్ర మొత్తం నాకు అక్కడే అయిపోయింది. మిగతాది కాళ్ల పని.

దారిలో కులం మాయమైపోతుంది, అందరూ ఒక్కటైపోతారు అని యాత్రల గురించి రాస్తుంటారు. నాకూ అలా రాయాలని ఉంది గానీ అది నిజం కాదు. 2022లో పూల అంతోని గారు కార్డినల్ అయినప్పుడు, దళితుల్లోంచి ఆ పదవికి వెళ్లిన మొదటివారని మా వీధిలో స్వీట్లు పంచుకున్నాం. పై వీధిలో ఆ రోజు మామూలు రోజే. గుంటూరులో రాత్రి మేం ఆగిన హాలులో కూడా ఎవరూ చెప్పకుండానే రెండు వరసలు పడ్డాయి. ఎవరి టిఫిన్ డబ్బాలు వాళ్ల వైపే తెరుచుకున్నాయి. మైకులో మాత్రం "సహోదర సహోదరీలారా".

రెండో రోజు మధ్యాహ్నం మంగళగిరి దాటాక నా వల్ల కాలేదు. బొబ్బ పగలకుండా ఉబ్బిపోయింది. పై వీధి రెడ్ల ఆవిడ, నాకు ముఖపరిచయమే, మా గడప ఎప్పుడూ తొక్కని మనిషి, వచ్చి నా పాదం తన ఒళ్లో పెట్టుకుంది. సూదిని అగ్గిపుల్లతో కాల్చి, దారం ఎక్కించి, బొబ్బలోంచి దూర్చి, దారం అందులోనే వదిలేసింది నీరు దిగిపోవడానికి. ఆమె చీర తడిసింది. "మా అమ్మాయికీ ఇట్టాగే అయ్యేది" అని మాత్రం అంది. నేను ఏమీ అనలేకపోయాను. ఊరికి తిరిగొచ్చాక ఆదివారం పూజలో ఆమె ఎప్పటిలాగే తన వైపు, మేం మా వైపు. నా వైపు చూసి కాలెలా ఉందని కళ్లతో అడిగింది. యాత్ర ఎంతవరకు మార్చగలదో అంతవరకే మార్చింది. అది చాలా చిన్నది. లేకపోవడం కంటే ఎంతో పెద్దది.

తాడేపల్లి దగ్గర టీ కొట్టాయన మా వాలకం చూసి "దుర్గమ్మకా, మరియమ్మకా?" అని అడిగాడు. ఆ దారిలో అది సహజమైన ప్రశ్నే. 1957 నుంచి కృష్ణ మీద నిలబడి ఉన్న ప్రకాశం బ్యారేజీని భవానీలూ దాటతారు, మేమూ దాటతాం. దిగగానే ఎదురుగా ఇంద్రకీలాద్రి, ఇంకాస్త ముందుకి ఏలూరు రోడ్డు పట్టుకుంటే గుణదల. మరియమ్మకని చెబితే, "కొబ్బరికాయ కొట్టేటప్పుడు నా పేరు కూడా చెప్పండమ్మా, మోకాళ్లు లేవనీయట్లేదు" అన్నాడు. పేరేమిటో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. కొండమీద "తాడేపల్లి టీ కొట్టాయన మోకాళ్లు" అని చెప్పాను. అర్థమయ్యే ఉంటుంది.

గుణదల సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. నూరేళ్ల కిందట, ఇటలీ నుంచి వచ్చిన ఆర్లాటి అనే మిషనరీ గురువు ఈ కొండ దగ్గర లూర్దు మాత స్వరూపం పెట్టించారు. ఇప్పుడున్న గుడి 1971 నాటిది. పైన పెద్ద సిలువ, ఎక్కే దారి పొడుగునా జపమాల రహస్యాలు (క్రీస్తు, మరియమ్మల జీవిత ఘట్టాలు), సిలువ మార్గం స్థలాలు. తలనీలాలు ఇచ్చేవాళ్లలో, కొబ్బరికాయలు కొట్టేవాళ్లలో హిందువులూ చాలామందే ఉంటారు.

ఈ మాత ఫ్రాన్సులోని లూర్దు మాత. 1858 ఫిబ్రవరి 11న పద్నాలుగేళ్ల బెర్నదెత్తకి మొదటిసారి కనిపించింది, జూలై దాకా మొత్తం 18 సార్లు. అక్కడి ఊటనీళ్ల దగ్గర స్వస్థత పొందామని చెప్పుకున్నవారు ఏడు వేల పైమాటే. శ్రీసభ పరిశీలించి అద్భుతాలని ఒప్పుకున్నవి 2025 నాటికి 72. ఇంత కాపీనంగా అద్భుతాలు ఒప్పుకునే సంస్థ మన టీవీ స్వస్థత కూటాల కాలంలో కాస్త వింతగానే కనిపిస్తుంది. నాకు అంతకంటే ముఖ్యం ఇంకొకటి. చిన్నప్పటి నుంచీ ఉబ్బసంతో బాధపడ్డ బెర్నదెత్తకి ఆ ఊట ఏమీ చేయలేదు. 1866లో నెవేర్ మఠానికి వెళ్లింది, మళ్లీ లూర్దుకి రాలేదు. మోకాలికి క్షయ పట్టి, 1879లో 35 ఏళ్లకే చనిపోయింది. ఈ లోకంలో నిన్ను సుఖపెడతానని మాటివ్వను, పరలోకంలోనే అని మాత ఆమెకి ముందే చెప్పింది.

స్వస్థత దొరికినవాళ్ల సాక్ష్యాలే మైకుల్లో వినిపిస్తాయి. దొరకనివాళ్లు కూడా మళ్లీ వస్తారు, వాళ్లే ఎక్కువమంది. ముసలామె పందొమ్మిది యాత్రలు కొడుకు తాగుడు మానాలని. మానలేదు. ఇంకా ఎందుకొస్తున్నావని అడిగితే, "ఆయమ్మ కొడుకుని మాత్రం దించారా సిలువ మీంచి?" అని ఎదురడిగింది. మా ఆయన బేరం అన్న మాట ఈమె ముందు నిలబడదు. పద్దెనిమిది సార్లు నష్టపోయి పందొమ్మిదోసారి వచ్చేవాణ్ణి వ్యాపారి అంటారా?

సోమవారం పొద్దున కొండెక్కాను. ఎంత తొక్కిసలాటంటే, ఒక రహస్యం దగ్గర మోకరించే లోపల వెనకవాళ్లు తోసి ఇంకో రహస్యం దగ్గర పడేశారు. కిందికి దిగాక, గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం వరసలో గంటన్నర నిలబడి, పదేళ్ల తర్వాత నోరు తెరిచాను. అది ఇక్కడ రాయను. దివ్యసత్ప్రసాదం తీసుకున్నాను. ఫలం అమ్మకి అని చెప్పుకున్నాను.

చివరికి మిగిలింది ముడుపు. కానుకల పెట్టె దగ్గర నిలబడి ముడి విప్పబోతే రాలేదు. పంటితో లాగాను. గుడ్డ చిరిగి నాలుగు పావలాలు అరచేతిలో పడ్డాయి. ఒక్క రూపాయి. ఇప్పుడు దానికి ఆ విలువ కూడా లేదు, పావలా బిళ్లలు 2011 జూన్ తర్వాత చెల్లవు. పక్కనున్న వాలంటీరు కుర్రాడు చూసి, "మేడం, అవి చెల్లవు. ఫోన్‌పే కొట్టచ్చు, స్కానర్ అక్కడుంది" అన్నాడు. చాలా మర్యాదగా చెప్పాడు పాపం.

నాలుగూ పెట్టెలో వేసేశాను. లోపల నోట్లు నిండుగా ఉన్నాయేమో, చప్పుడు కూడా రాలేదు. "కదలండమ్మా, కదలండి" అని వెనకనుంచి కేక. లెక్కపెట్టేవాళ్లు వాటిని పక్కన పడేసి ఉంటారు.